వారాల జబ్బు, గంటల జబ్బు: బైపోలార్‌తో పాటు బోర్డర్‌లైన్ కూడా ఉందన్నప్పుడు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు ఒకసారి చెబుతాను. మీకు 26 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా బైపోలార్ డిజార్డర్‌కు, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహంలోకీ కొన్నాళ్లు లోతైన దిగులులోకీ వెళ్లే జబ్బుకు, మందులు వాడుతున్నారు. ఈ మధ్య డాక్టరు మారాక, కొత్త డాక్టరుగారు దానితో పాటు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (అయినవాళ్ల మాటకూ చేతకూ మనసు పట్టు తప్పే జబ్బు) కూడా ఉందన్నారు. ఇన్నాళ్లూ చెప్పింది తప్పా, నా వ్యక్తిత్వమే చెడిపోయిందా, ఈ రెండింటితో బతుకు సాగుతుందా, సంబంధాలు చూస్తున్న అమ్మకు ఏమని చెప్పాలి అని అడిగారు.

నేను డాక్టరును కాను. జూనియర్ కాలేజీలో తెలుగు అధ్యాపకురాలిని, వయసు 46. నాకు బైపోలార్ అని తెలిసి 21 ఏళ్లు, బోర్డర్‌లైన్ కూడా ఉందని తెలిసి 11 ఏళ్లు అయింది. ఈ రెండింటితోనే ఉద్యోగం చేశాను, కాపురం చేశాను, ఒక బిడ్డను పెంచాను. మందుల గురించి నేను రాసేవన్నీ మీ డాక్టరుగారిని అడిగి తెలుసుకోవలసిన విషయాలుగా తీసుకోండి. వాటిని చూసి మీరుగా ఏ మాత్రనూ ఆపవద్దు, మార్చవద్దు.

కొత్త పేరు వచ్చినంత మాత్రాన పాత పేరు తప్పయిపోదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2013లో జిమ్మర్‌మన్, మోర్గన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తేల్చినదాని ప్రకారం, బోర్డర్‌లైన్ ఉన్నవారిలో సుమారు 20 శాతం మందికి బైపోలార్ కూడా ఉంటుంది. బైపోలార్ టూ (హైపోమానియా, అంటే తేలికపాటి ఉద్రేకం, దాకానే వెళ్లే రకం) ఉన్నవారిలో సుమారు 20 శాతం మందికి, బైపోలార్ వన్ (మానియా, అంటే అదుపు తప్పిన ఉద్రేకం, వచ్చే రకం) ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి బోర్డర్‌లైన్ ఉంటుంది. రెండూ కలిసి ఉండడం అరుదు కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. ఎక్కువమందికి ఏదో ఒకటే ఉంటుంది కనుక ఇవి ఒకే జబ్బుకు పెట్టిన రెండు పేర్లు కావని కూడా అవే చెబుతున్నాయి. అయితే ఒక్క విషయం మాత్రం డాక్టరుగారిని తప్పక అడగండి: ఈ నిర్ణయానికి వచ్చేటప్పటికి మీ మూడ్ ఏ స్థితిలో ఉంది? మానియాలోనో లోతైన డిప్రెషన్‌లోనో ఉన్న మనిషిని చూసి వ్యక్తిత్వం గురించి తేల్చడం సరైన పద్ధతి కాదు. మూడ్ నిలకడగా ఉన్న నెలల్లోనూ, ఇంకా వెనక్కి వెళితే ఇంటర్ చదివే రోజుల్లోనూ మీకు అదే తీరు ఉందా అన్నది చూడాలి. నన్ను ఆ ప్రశ్న అడిగిన డాక్టరుగారు మా అక్కతో కూడా గంటసేపు మాట్లాడాకనే రెండో పేరు రాశారు.

ఇక వ్యక్తిత్వం అనే మాట. దీన్ని తెలుగులో చాలామంది 'వ్యక్తిత్వ లోపం' అని రాస్తుంటారు. నేను భాష చెప్పి బతికేదాన్ని కాబట్టి ఆ మాట నన్ను మిగతావాళ్లకంటే ఎక్కువే గాయపరిచిందేమో. మన భాషలో వ్యక్తిత్వమంటే శీలం, నడవడిక, మనిషికుండే విలువ. మెచ్చుకోవాలంటే 'వ్యక్తిత్వమున్న మనిషి' అంటాం. అలాంటి మాటకు లోపం చేర్చి ఒకరి మీద మోపితే ఆ మనిషి తలెత్తుకోలేదు. నిజానికి ఈ జబ్బును గుర్తించడానికి డాక్టర్లు చూసేవి తొమ్మిది లక్షణాలు, వాటిలో కనీసం ఐదు ఉండాలి. అయినవాళ్లు వదిలేస్తారన్న విపరీతమైన భయం, ఒకే మనిషిని ఈ రోజు దేవుడిగానూ రేపు శత్రువుగానూ చూడడం, నేనెవరినన్నది నిలవకపోవడం, ముందూ వెనుకా చూడని పనులు, తనను తాను గాయపరచుకోవడం, గంటగంటకూ మారే మనసు, లోపలంతా ఖాళీ అనిపించడం, పట్టలేని కోపం, ఒత్తిడిలో అందరినీ అనుమానించడమో తనకు తానే దూరంగా ఉన్నట్టు అనిపించడమో. ఇవన్నీ బాధ పడే తీరులు. చెడ్డతనం ఆ జాబితాలో ఎక్కడా లేదు. బోర్డర్‌లైన్ అన్న పేరు కూడా 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే డాక్టరు వాడినది. న్యూరోసిస్‌కూ (ఆందోళన వంటి జబ్బులు) సైకోసిస్‌కూ (వాస్తవంతో సంబంధం తెగిపోయే జబ్బులు) నడుమ సరిహద్దులో ఉన్నారన్న అర్థంలో అప్పట్లో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. దాన్ని మీ మీద ఇచ్చిన తీర్పుగా తీసుకోకండి.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఇప్పుడు చెబుతాను. ఈ రెండింటినీ జనం 'మూడ్ స్వింగ్స్' అనే ఒకే మాటలో కలిపేస్తారు, అక్కడి నుంచే తప్పులన్నీ మొదలవుతాయి. బైపోలార్ వారాల జబ్బు, బోర్డర్‌లైన్ గంటల జబ్బు. డాక్టర్ల లెక్క ప్రకారం హైపోమానియా అనాలంటే కనీసం 4 రోజులు, మానియా అనాలంటే సాధారణంగా కనీసం 7 రోజులు, డిప్రెషన్ అనాలంటే 2 వారాలు ఆ స్థితి రోజంతా పట్టి ఉండాలి. బైపోలార్ కారణం కోసం ఆగదు, ఇంట్లో అంతా బాగున్నప్పుడు కూడా వస్తుంది. బోర్డర్‌లైన్‌కు మాత్రం దాదాపు ఎప్పుడూ ఎదురుగా ఒక మనిషి ఉంటారు.

నా అనుభవంలోంచి రెండూ పక్కపక్కన పెడతాను. 25 ఏళ్ల వయసులో దిగులుగా ఉందని ఒక డాక్టరు దగ్గరికి వెళితే, డిప్రెషన్‌కు మాత్ర ఒక్కటే రాసిచ్చారు. బైపోలార్ ఉన్నవారికి మూడ్‌ను నిలబెట్టే మందు లేకుండా ఆ మాత్ర ఒక్కటే ఇస్తే మానియా రావచ్చని నాకప్పుడు తెలియదు, నాకు బైపోలార్ ఉందని ఆయనకు తెలియదు. మూడు వారాలకు తెల్లవారుజామున రెండు గంటలకే మెలకువ రావడం మొదలైంది. అలసట లేదు. ఆ వేళప్పుడు వంటింటి డబ్బాలన్నీ దించి తోమేదాన్ని, పొద్దున్నే కాలేజీకి వెళ్లి గుక్క తిప్పుకోకుండా పాఠం చెప్పేదాన్ని. తొమ్మిది రోజుల్లో బ్యాంకులో ఉన్న డబ్బంతా ఖర్చు చేసి, పైన అప్పు చేసి పద్నాలుగు పట్టుచీరలు కొన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎవరితోనూ గొడవ లేదు. అది బైపోలార్.

రెండోది, పదేళ్ల తర్వాత ఒక సాయంత్రం. నా భర్త పనిమీద వేరే ఊరు వెళ్లి ఆరు గంటలకు ఫోన్ చేస్తానన్నారు. ఆరున్నరకు నేను చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఏడింటికల్లా ఆయనకు నేనంటే విసుగు పుట్టిందన్నది నాకు పూర్తిగా నిజమైపోయింది. ఏడుంపావుకు, ఎనిమిదేళ్ల కాపురాన్ని ముగిస్తున్నట్టు పొడవాటి మెసేజ్ పంపి, గది తలుపు వేసుకున్నాను. ఏడు నలభైకి బస్టాండులో ఎవరి ఫోనో అడిగి తీసుకుని ఆయనే చేశారు, బ్యాటరీ అయిపోయిందట. ఎనిమిదింటికి నేను ఏమీ జరగనట్టు ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ మెసేజ్ మాత్రం ఆయన ఫోనులో ఉండిపోయింది. అది బోర్డర్‌లైన్. రెండు గంటల్లోపే వచ్చి, పోయింది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల నాకు పదేళ్లపాటు జరిగిందేమిటంటే, ఇంట్లో ప్రతి గొడవకూ ఒక మాత్ర పెరిగింది. కోపం వచ్చిందంటే ఒకటి, ఏడ్చానంటే ఒకటి. చివరికి రోజుకు ఐదు రకాల మందులు, పదకొండు మాత్రలు. కాలేజీలో బోర్డు మీద రాస్తూ వాక్యం మధ్యలో ఏం రాస్తున్నానో మరిచిపోయేదాన్ని. బోర్డర్‌లైన్‌కంటూ ప్రత్యేకంగా పనిచేసే మందు ఇప్పటిదాకా లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2009లోనే, బోర్డర్‌లైన్ కోసమని మందులు వాడవద్దని చెప్పింది. అదే దేశంలో 276 మంది బోర్డర్‌లైన్ ఉన్నవారి మీద జరిగి 2018లో వెలువడిన పరీక్షలో, బైపోలార్ డిప్రెషన్ మళ్లీ రాకుండా చూసే లామోట్రిజిన్ కూడా బోర్డర్‌లైన్ విషయంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు. అందుకే రెండో డయాగ్నోసిస్ వచ్చాక నాకు మందులు తగ్గాయి. ఏడాదిలో డాక్టరుగారు ఒక్కొక్కటిగా తగ్గించి, రెండు మందుల దగ్గర నిలిపారు. మీకూ కొత్త పేరు వల్ల జరగగలిగే మేలు అదే కావచ్చు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అది ఇంకా ప్రమాదకరం. చీటీ మీద బోర్డర్‌లైన్ అని రాసి ఉంటే, నిజమైన డిప్రెషన్‌తో వెళ్లినా 'ఆమె తీరే అంత, నలుగురూ తనను చూడాలని చేస్తుంది' అని పక్కన పెట్టేవారుంటారు. అత్యవసర విభాగంలో ఒకసారి ఆ మాట నా చెవిన పడేలాగే అన్నారు. అలాంటప్పుడు వాదించే శక్తి మనకు ఉండదు. అప్పుడు మన తరఫున మాట్లాడేది ఒక నోట్‌బుక్ మాత్రమే.

నాది పిల్లలు వాడే రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్. రోజుకు ఒక వరుస. ఎన్ని గంటలు నిద్రపోయాను, రోజు మొత్తం మీద మూడ్ మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా ఎంత, ఏదైనా తుఫాను వస్తే అది ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగింది, దానికి ముందు ఎవరు ఏమన్నారు, మాత్ర వేసుకున్నానా, నెలసరి తేదీ. రాయడానికి రెండు నిమిషాలు చాలు. ప్రతి ఆదివారం వెనక్కి తిప్పి చూస్తాను. నిద్ర గళ్లో 7, 7, 5, 4 అని అంకెలు దిగుతూ, 'ఎవరు ఏమన్నారు' గడి ఖాళీగా ఉంటే అది బైపోలార్ కదలడం, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేస్తాను. నిద్ర మామూలుగా ఉండి, ఒక గడిలో మాత్రం ఒక మనిషి పేరు, రెండు సమయాలు ఉంటే అది బోర్డర్‌లైన్, దానికి మందు పెంచమని అడగను. మన మనసును 'ఇది ఏ జబ్బు' అని అడిగితే ఎప్పుడూ తప్పే చెబుతుంది. ఎందుకంటే ఆ క్షణంలో దానికి జబ్బేమీ కనబడదు, ఎదుటివాళ్ల తప్పే కనబడుతుంది. మూడు నెలల నోట్‌బుక్ తీసుకెళితే మీ డాక్టరుగారికి పదిహేను నిమిషాల్లో అర్థమయ్యేది, మీరు గంట మాట్లాడినా అర్థం కాదు.

బైపోలార్ వైపు అన్నిటికంటే ముందు కాపాడుకోవలసింది నిద్ర. ఎల్లెన్ ఫ్రాంక్ అనే అమెరికన్ సైకాలజిస్టు లేవడం, తినడం, మనుషులను కలవడం, పడుకోవడం వేళ తప్పకుండా చూసుకోవడాన్నే ఒక చికిత్సగా రూపొందించారు. మన ఇళ్లలో దానికి గండి కొట్టేవి మనకు బాగా తెలిసినవే: అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉన్న పెళ్లి, శివరాత్రి జాగారం, మీ విషయంలో అయితే అమెరికా వేళలకు పనిచేసే నైట్ షిఫ్టు. నేను జాగారం మానేసి పద్దెనిమిదేళ్లయింది. సొంత మేనకోడలి పెళ్లికి కూడా తొమ్మిదింటికి భోంచేసి, మాత్ర వేసుకుని పడుకుని, పొద్దున అప్పగింతలకు లేచాను. నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ తర్వాతి నెల నేను ఆసుపత్రిలో లేను, ఇంట్లోనే ఉన్నాను. మీరు మీ కంపెనీలో పగటి షిఫ్టు కోసం డాక్టరు చీటీతో ఇప్పుడే అడగండి. జబ్బు పేరు పూర్తిగా రాయనక్కరలేదు, వైద్యపరంగా రాత్రి పని కూడదని రాయించుకుంటే చాలు.

లిథియం వాడుతున్నానని రాశారు కనుక దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానియా మీద దాని గుణాన్ని ప్రకటించారు, నేటికీ దానికి సాటి వచ్చే మందులు కొన్నే. కానీ మేలుచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ దూరం చాలా తక్కువ. అందుకే రక్తంలో అది ఎంత ఉందో చూడాలి. చాలామందికి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర ఉంటే దాన్ని రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. నేను ఆ మాత్రను జేబురుమాలులో కట్టి ల్యాబుకు తీసుకువెళతాను. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు కూడా ఆరు నెలలకోసారి చేయించుకోవాలి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒక మే నెలలో, పంటినొప్పికి మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్ మూడు రోజులు వేసుకున్నాను, దానికి తోడు విరేచనాలు. నాలుగో రోజు టీ కప్పు సాసరు మీద పెడుతుంటే టకటకమని కొట్టుకుంది. తాగిన మనిషిలా నడక తూలింది, మాట ముద్దగా వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. నిర్జల ఉపవాసాలు వద్దు, ఉప్పు ఉన్నపళంగా మానేయవద్దు. చేతులు బాగా వణుకుతూ, వాంతులై, నడక తూలితే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. బాగున్నాం కదా అని లిథియంను ఒక్కసారిగా ఆపితే మానియా తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

బోర్డర్‌లైన్ వైపు పని చేసేది నేర్చుకునే చికిత్స. నేను నేర్చుకున్నది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), అంటే ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే చికిత్స. దాన్ని రూపొందించిన మార్షా లైనెహన్ 1993లో దాని పుస్తకాన్ని ప్రచురించారు. చిన్న వయసులో తానే మానసిక ఆసుపత్రిలో గడిపానని 2011లో ఆమె బహిరంగంగా చెప్పారు. ఆ సంగతి చదివిన రోజు నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని పూర్తిగా నేర్పేవారు తక్కువ. నేను బెంగళూరులో ఉన్న ఒక సైకాలజిస్టు దగ్గర పద్నాలుగు నెలలు ఆన్‌లైన్‌లో నేర్చుకున్నాను. ఎవరి దగ్గర చేరినా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదై ఉన్నారా అని అడగండి. పాఠాలు ఇంగ్లీషులో ఉండేవి, కోపంలో ఉన్న మనిషికి ఇంగ్లీషు గుర్తుకు రాదు కనుక వాటికి నేను తెలుగు పేర్లు పెట్టుకున్నాను. మనసు తరుముతున్న దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేయడం 'ఎదురు పని': తలుపు వేసుకోవాలనిపిస్తే వచ్చి వసారాలో కూర్చోవడం. 'చెంబు నీళ్ల పని' అంటే బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి, ముప్పై సెకన్లు ముఖం ముంచడం. అలా చేస్తే గుండె వేగం తగ్గి, ఒళ్లు చల్లబడుతుంది. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి చేయాలి. మూడోది 'రెండూ నిజమే': ఆయన ఫోన్ చేయలేదన్నది నిజం, ఆయనకు నేనంటే ప్రేమ ఉందన్నదీ నిజం. ఈ ఒక్క వాక్యం నా నోటికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇది తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. అమెరికాలో మేరీ జానరీని బృందం 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ల తరబడి గమనించి 2010లో ప్రకటించిన దాని ప్రకారం, పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు జబ్బు అనదగిన హద్దు కిందికి దిగాయి. ఉద్యోగం, స్నేహాలు కూడా సరిగా నిలబడినవారు సుమారు సగం మందే. కాబట్టి లక్షణాలు తగ్గేదాకా ఆగకుండా, ఉద్యోగాన్నీ ఇద్దరు ముగ్గురు స్నేహితులనూ ఇప్పటి నుంచే గట్టిగా పట్టుకోండి. బైపోలార్ మాత్రం ఎక్కువమందికి జీవితాంతం మందు వాడవలసిన జబ్బు.

రెండూ ఒకేసారి లేచే రోజులే కష్టం. నిద్ర తగ్గి హైపోమానియా మొదలైనప్పుడు ఎవరైనా మాట అంటే, కోపానికి బైపోలార్ బలమూ తోడవుతుంది. నేనూ నా భర్తా ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టి బీరువా తలుపు లోపల అంటించాం: వరుసగా రెండు రాత్రులు ఐదు గంటల కంటే తక్కువ నిద్రపోతే రాజీనామా, విడాకులు అనే మాటలు ఎత్తకూడదు, ఐదు వేలకు మించి ఏదీ కొనకూడదు, పొడవాటి మెసేజ్ రాస్తే మర్నాడు పదింటి దాకా పంపకూడదు. డిప్రెషన్‌లో ఉండగా ఎవరో వదిలేశారనిపించిన రోజు అంతకంటే ప్రమాదం. ఆ రోజుల కోసమే మా ఇంట్లో ఒక వారానికి మించి మాత్రలు నా చేతికి అందేలా ఉండవు, మిగతావి ఆయన దగ్గర ఉంటాయి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్కరే ఉండకండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లనివారు ఇప్పటికీ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప శిక్షించకూడదు. అదే చట్టం కింద, జబ్బు చేసినప్పుడు మీ తరఫున ఎవరు మాట్లాడాలో, ఏ చికిత్స కావాలో, ఏది వద్దో మీరు బాగున్నప్పుడే రాసిపెట్టవచ్చు.

చివరి ప్రశ్న, పెళ్లి, అమ్మ. పెళ్లి మాటలు మొదలుకాక ముందే మీ మందుల్లో, మూడ్‌ను నిలబెట్టడానికి ఇచ్చే వాల్‌ప్రొయేట్ ఉందేమో చూడండి. గర్భంలోని బిడ్డ వెన్నుకూ మెదడుకూ అది హాని చేస్తుంది, పిల్లలు కనే వయసులో వీలైనంత వరకు వాడకూడదు. ఉంటే డాక్టరుగారితో వెంటనే మాట్లాడండి, లిథియం సంగతి కూడా గర్భం ప్లాన్ చేసుకోకముందే మాట్లాడాలి. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి ముందే చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. దాచితే మాత్రలు దాచాలి, మాత్రలు దాచితే వేళకు వేసుకోలేరు, నిద్ర పోతుంది. రెండు సంబంధాలు ఆ మాటతో వెనక్కి పోయాయి నాకు. మూడో ఆయనతోనే నాకు పెళ్లయింది, అప్పటికి జబ్బు బయటపడి రెండేళ్లు, ఇప్పటికి పందొమ్మిదేళ్ల కాపురం.

అమ్మకు రెండు జబ్బుల పేర్లు ఒకేసారి చెప్పవద్దమ్మా. మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది, ఆమెకు నేను చెప్పింది ఇంతే: 'ఒకటి నిద్రకు సంబంధించినది, దానికి మందుంది. ఇంకోటి మాటకు సంబంధించినది, మాట తగిలితే నాకు అందరికంటే ఎక్కువ తగులుతుంది, తగలకుండా ఉండడం నేర్చుకుంటున్నాను.' ఆమె కాసేపు ఊరుకుని, 'చిన్నప్పుడు నువ్వు ఏడిస్తే ఊరుకోబెట్టడం మానేసి కొట్టాను, దానివల్లనా' అని అడిగింది. పుట్టుకతోనే మనసు సున్నితంగా ఉండడమూ, పెరిగిన తీరూ రెండూ కలుస్తాయని డాక్టరు చెప్పిన మాటే చెప్పాను, తప్పు ఆమెదనీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు నుంచి ఆమె రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. మాత్ర వేసుకున్నావా అని అడగదు. పడుకోబోతున్నావా అని అడిగి, ఊ అన్నాక పెట్టేస్తుంది.